ఎర్ర గోడలో తెల్ల గూళ్లు

2023 చలికాలం. గల్ఫ్‌లో, అమ్వాజ్ అనే చోట ఒక విల్లా పెరడు. నేను సైట్ సూపర్‌వైజర్‌ని. అంటే తప్పులు వేరేవాళ్లు చేస్తారు, తిట్లు నేను తింటాను.

ఇంటావిడ ఉత్తర జర్మనీ మనిషి, పెద్దావిడ. వాళ్ల ఊళ్లో ఏడువందల ఏళ్లనాటి గోథిక్ చర్చి ఉందట. అక్కడ రాయి దొరకదు కాబట్టి మొనదేలిన కమానులతో సహా అంతా ఇటుకతోనే కట్టారట. దాని ముందుగోడను పన్నెండడుగుల ఎత్తున తన పెరట్లో కట్టమంది. ఫేస్ బ్రిక్ పని, అంటే ప్లాస్టర్ లేకుండా ఇటుక కనబడాలి.

మేస్త్రీ మల్లయ్య కాకది జగిత్యాల వైపు. నెలరోజులు కట్టాడు. పాయింటింగ్, అంటే ఇటుకల సందులు నింపే పని, గీత గీసినట్టు చేశాడు. అయినా ఇంకొక్క తప్పు జరిగితే ఇంటికి పంపిస్తానని మా ఇంజనీరు అంతకుముందే అతన్ని హెచ్చరించి ఉన్నాడు.

అప్పగించే రోజు పొద్దున వెళ్లి, చేతిలో చాయ్‌తో అట్లాగే నిలబడిపోయాను. కమానుల కింది గూళ్లు, తొమ్మిదికి తొమ్మిదీ, తెల్లగా సున్నం పూసి ఉన్నాయి. చర్చి పళ్లికిలించినట్టుంది. డ్రాయింగులో తెలుపు చుక్క లేదు. గీకితే ఇటుక ముఖమే పోతుంది.

ఫోన్లో ఇంజనీరుకు రిపోర్టు కొట్టాను: "మేస్త్రీ సొంత నిర్ణయం." పంపేలోపే ఇంటావిడ వచ్చింది. చూసింది. ఒక్కో గూడునీ వేలితో తడిమింది. నేను మూడు భాషల్లో క్షమాపణ సిద్ధం చేసుకున్నాను.

"మేస్త్రీకి ఈ సంగతి ఎవరు చెప్పారు?" అంది చివరికి. కట్టినవాళ్లు ఆ గూళ్లకు తెల్లసున్నమే పూశారని వాళ్ల ఊరి పాస్టర్ చెప్పేవాడట. ఆవిడ పుట్టేనాటికే అది రాలిపోయింది. తను చూసిందే గీయించింది. "ఉండనీ," అని కళ్లు తుడుచుకుంది.

నేను మల్లయ్య కాకను పక్కకు పిలిచి అడిగాను.

"చర్చి సంగతి నాకేమెరుక తమ్మీ? మా ఇంట్ల దీపం గూడుకు సున్నం ఏస్తం. గూడు ఎర్రగుంటే పని సగంల ఆపినట్టుంటది. నువ్వు అడిగితే జెప్పకపోదునా?"

అడగలేదు. రిపోర్టు చెరిపేశాను.

అప్పటినుంచి ముందు ఎందుకని అడిగి, తర్వాతే రాస్తున్నాను. ఎక్కువసార్లు తప్పు తప్పే. అయినా అడుగుతున్నాను.