చెట్టెక్కి చూపించే చిన్నమామయ్య

మా ఆయన బాబాయిని, అంటే మా చిన్నమామయ్యని, ఊళ్లో చాటుగా 'ఆపరేషనాయన' అనేవాళ్లు. రెండో కాన్పులో చిన్నత్తయ్య బాగా నీరసపడిందని, ఇక పిల్లలు పుట్టకుండా తనే ఆపరేషన్ చేయించుకున్నారట. ఆ ఆపరేషన్ అయిన మగాడు మామిడిచెట్టు ఎక్కలేడని మా ఆగిరిపల్లి వైపు గట్టి నమ్మకం. అందుకే కోతల రోజుల్లో కూలీలందరూ చూస్తుండగా పంచె ఎగ్గట్టి పైకొమ్మ దాకా ఎక్కి, ఒక్క కాయ కోసుకుని దిగేవారు. "ఏం తగ్గిందిరా నాకు?" అనేవారు.

పోయినేడు తోటలో, చంటిది నా ఒళ్లో ఉండగా అత్తయ్య అన్నారు. "మాత్రలు నీకు పడట్లేదు, లూప్ అంటే భయమంటావు. కోతలయ్యాక ఆపరేషన్ చేయించేసుకో."

చిన్నమామయ్య లేచి చెట్టెక్కారు. అరవై దాటిన మనిషి. ఆయాసపడుతూ దిగి, కాయ నా చేతిలో పెట్టారు.

"నువ్వెందుకమ్మా? వాణ్ణి చేయించుకోమను. మగాళ్లకి చిన్నదే."

"ఊరుకో బాబాయ్, ఆడవాళ్ల ముందు ఏంటా మాటలు!" అన్నారు మా ఆయన. కూలీలు ఒకటే నవ్వు. నేను తలెత్తలేకపోయాను.

చిన్నమామయ్య చలికాలంలో పోయారు. ఏడాదిగా వాయిదా పడుతూ వచ్చిన ఆపరేషన్‌కి రేపు నన్ను తీసుకెళ్తారు. ఇందాక అన్నం పెడుతూ మా ఆయన్ని అడిగాను. "పోనీ, మీరు చేయించుకోకూడదా?"

"కోతలొస్తున్నాయి, చెట్లెక్కాల్సినవాణ్ణి" అన్నారు.

మా ఆయన చెట్టెక్కగా నేనెప్పుడూ చూడలేదు. ఆ మాట అనడానికి కూడా నాకే సిగ్గేసింది.