‘బాగానే ఉన్నాను’ అంటే నమ్మని మావయ్య

గార్డు మావయ్య పోయారని పోయిన నెలలో ఒక మంగళవారం పొద్దున్న కుళాయి దగ్గర విన్నాను. చెప్పినావిడ మా వెనక క్వార్టరావిడ. ఆవిడ తెచ్చిన కబురులో సగం తీసేసి వినాలని మా బాగ్‌బేరా రైల్వే కాలనీ అంతటికీ తెలుసు. కిందటి చలికాలంలో జ్వరంతో పడుకున్న మా పాలవాణ్ని కూడా ఆవిడ ఇలాగే చంపేసింది. అందుకని బిందె అక్కడే వదిలి మావయ్య కొడుక్కి ఫోన్ చేశాను. "అవును వదినా, నిద్దర్లోనే. టీ ఇద్దామని లేపితే లెగనేదు," అన్నాడు. అప్పటికీ నమ్మబుద్ధి కాక వెళ్లి చూశాను. ముఖం ఎంత ప్రశాంతంగా ఉందో అని అందరూ అంటున్నారు. నాకు మాత్రం, ఎవరో చెప్పినదాన్ని ఇంకా నమ్మనట్టు, ఒక కనుబొమ కాస్త పైకి ఉన్నట్టే కనబడింది. అప్పుడు ఏడుపొచ్చింది.

ఆయన నాకు వరసకి ఏమీ కారు. కాలనీ అంతటికీ మావయ్యే. పలాస వైపు నుంచి వచ్చి, టాటానగర్‌లో గూడ్సు గార్డుగా చేసి రిటైరయ్యి, కొడుకూ కోడలూ మనవరాలితో మా వెనక వీధిలో ఉండేవారు. అనుమానం ఆయన ఒంట్లోనే పుట్టింది. పాలు కాచాక కూడా వాసన చూసేవారు. పుచ్చకాయని కొట్టి చూసి, చెవికి ఆనించి విని, ముక్క కోయించి నోట్లో వేసుకుని, అప్పుడు కూడా "ఇంటికెల్లేక తెలుస్తాది దీని సంగతి" అనేవారు. తలుపుకి తాళం వేసి లాగి చూసి, వీధి చివరి దాకా వెళ్లి, వెనక్కొచ్చి మళ్లీ లాగేవారు. "ఏటమ్మా, బాగున్నావా?" అని అడిగి, మనం జవాబు చెప్పేలోపే మన కళ్లూ నడకా చూసేసుకునేవారు. జవాబుతో ఆయనకి పనిలేదు. "బాగున్నాననడానికి ఏటి కష్టం? అందరూ అంతారు," అనేవారు. నాకూ అనుమానం పాలు కాస్త ఎక్కువే కాబట్టి మా ఇద్దరికీ బాగానే కుదిరింది.

రిటైరయ్యాక సాయంత్రాలు గ్రౌండ్‌లో ఆడపిల్లలకి ఫుట్‌బాల్ నేర్పేవారు. వయసులో ఉన్నప్పుడు తానూ ఆడారట. మా అమ్మాయి దివ్య ఆయన జట్టుకి గోల్ కీపర్. దివ్య ఆడనప్పుడు ఆ చోట నిలబడేది ఆయన సొంత మనవరాలు మౌనిక. ఈ సంగతి మీరు మర్చిపోయినా పర్వాలేదు, నేను మాత్రం ఒక్క పూట కూడా మర్చిపోలేదు.

రైల్వేలో ఒక పద్ధతి ఉంది. గూడ్సు బండి స్టేషన్ దాటుతుంటే అక్కడ డ్యూటీలో ఉన్నవాళ్లు నిలబడి ఇంజను నుంచి చివరి పెట్టె దాకా చూస్తారు. చక్రం దగ్గర పొగ వస్తోందా, ఏదైనా కిందికి వేలాడుతోందా అని. అంతా సవ్యంగా ఉంటే పచ్చజెండా చాపుతారు, తేడా కనబడితే ఎర్రజెండా ఊపుతారు. మావయ్య దీన్ని తెచ్చి గ్రౌండ్‌లో పెట్టారు. "ఇంజన్లో ఉన్నోడికి ఎనకాల పెట్టె కాల్తన్నాదని తెలీదు. బయటున్నోడు సూసి సెప్పాల. నా బండి ఆల్ రైట్ అని నాకు నేనే సెప్పుకుంటే సెల్లదు," అనేవారు. గ్రౌండ్ గీత బయట కూర్చున్న పిల్లలకి రెండు గుడ్డలు ఇచ్చేవారు, ఒకటి పచ్చది, ఒకటి ఎర్రది. లోపల ఎవరికైనా తలకి దెబ్బ తగిలితే వీళ్లు చూడాలి. తూలుతోందా, తన జట్టు ఏ వైపో మర్చిపోయిందా, వెర్రిచూపులు చూస్తోందా. అనుమానం వస్తే ఎర్రగుడ్డ ఊపాలి. ఆ పిల్ల ఎంత మొత్తుకున్నా ఆ రోజుకి ఆట లేదు.

మా ఆయన క్యారేజ్ షెడ్‌లో ఫిట్టరు. ఆయనొకసారి అడిగారు, "మరి ఏటీ నేకపోతే మావయ్యా? ఊరికే ఆపేసినట్టు కాదా?" అని.

"ఏటీ నేకపోతే మంచిదే గదా బాబూ! అనుమానంతో బండాపినోడికి శిచ్చ నేదు. అనుమానమొచ్చీ ఆపనోడికే," అన్నారు మావయ్య.

మాట బాగానే ఉంది. కానీ బయట కూర్చున్న పిల్లకి ఎప్పుడెప్పుడు లోపలికి వెళ్దామా అని ఉంటుంది. ఎర్రగుడ్డ ఆ పిల్ల చేతికే ఇవ్వడమంటే దొంగ చేతికి తాళాలిచ్చినట్టే కదా! ఆ గుడ్డ ఊగినప్పుడల్లా గట్టు మీద కూర్చున్న తల్లులం ఒకరి చెవులు ఒకరం కొరుక్కునేవాళ్లం. నేనైతే బంతిని చూసిందాని కంటే మౌనిక చేతిని చూసిందే ఎక్కువ. "కోడలమ్మా, బంతి అటేపున్నాది," అనేవారు మావయ్య అటుగా పోతూ. పిల్లలూ తక్కువ తినలేదు. పడీ పడకముందే లేచి, పళ్లికిలించి పరిగెత్తేవారు. అది చూస్తే ఆయనకి మరీ అనుమానం. "అంత తొరగా లెగిసిందంటే ఏదో దాత్తన్నాది," అని ఆ రోజంతా ఆ పిల్ల వెనకే తిరిగేవారు.

కిందటేడు రాంచీ క్యాంపుకి ఎంపికలు పెట్టారు. దసరా ముందు ఆదివారం వెళ్లాలి, జట్టుకి ఒక్క గోల్ కీపర్నే పంపాలి. ఆ వారం మొదట్లోనే, సాయంత్రం ఆటలో దివ్య బంతి కోసం దూకితే ఎదురొస్తున్న పిల్ల మోకాలు కణతకి తగిలింది. లేచింది, నవ్వింది, గ్లౌజులకంటిన మట్టి దులుపుకుంది. బయట నుంచి మౌనిక పచ్చగుడ్డ చాపింది. అది చూసి నేను సంతోషించాలి. ఎర్రది ఊపాల్సిన పిల్ల పచ్చది ఎందుకు చాపిందా, దీని వెనక ఏముందా అని ఇంటికెళ్లేదాకా ఆలోచించాను.

ఆ రాత్రి దివ్య అన్నం సగంలో వదిలేసింది. ట్యూబ్‌లైటు ఆర్పమంది. "మమ్మీ, కల్ స్కూల్ హై క్యా?" అని అడిగింది. రేపు బడి ఉందన్నాను. కాసేపటికి మళ్లీ అదే మాట అడిగింది. తల నొప్పిగా ఉందా అంటే "కుఛ్ నహీ హువా" అని, ఏమీ కాలేదన్నట్టు గోడ వైపు తిరిగి పడుకుంది. తెల్లారాక వాంతి చేసుకుంది. మా అత్త ఉప్పూ ఎండుమిరపకాయలూ తిప్పి దిగదుడిచి కుంపట్లో వేసింది. ఇల్లంతా ఘాటెక్కి మేమంతా దగ్గాలి. ఒక్కరికీ దగ్గు రాలేదు. "సూసేవా, గాటే నేదు! ఎంత దిష్టి తగిలిందో నా మనవరాలికి," అంది అత్త. ఎవరి దిష్టి అని వేరే అడగాలా? మౌనిక తల్లి ముందురోజే నాతో "మీ దివ్యకి ఖాయమే అక్కా" అని నవ్వుతూ అంది. ఆ పూట మా ఇంట్లో అందరి మీదా అనుమానం ఉంది, ఆ మోకాలి దెబ్బ మీద తప్ప.

ఆ సాయంత్రం మావయ్య వచ్చారు. ఎవరైనా పిల్ల పడిందంటే మర్నాడు ఆ ఇంటికి టీ తాగడానికి వెళ్లడం ఆయన అలవాటు. టీ కోసం కాదని అందరికీ తెలుసు.

"ఏటి కోడలమ్మా, మన దివ్య గుంట ఎలాగుంది?"

"బాగానే ఉంది మావయ్యా," అన్నాను. ఎంపికల ముందు నా కూతురి చోటుని తీసుకెళ్లి ఆయన మనవరాలి చేతిలో పెడతానా?

ఆయన టీ గ్లాసు ముట్టుకోలేదు. "లైటెయ్యనేదేటి?" అన్నారు.

"కరెంటు లేదు," అన్నాను. పక్కింట్లో టీవీ మోగుతోంది. ఇద్దరం దాన్ని కాసేపు విన్నాం.

"కోడలమ్మా, నీ మాట నేను నమ్మను. నా మాట నువ్వూ నమ్మొద్దు. నా ఇంట్లో ఒక గోల్ కీపరున్నాదని నీ మనసులో ఉంది. తప్పు నేదు. నీ సోట్లో ఉంటే నేనూ అలాగే అనుకుందును," అన్నారు.

అప్పటికే దివ్య లోపలి గది గుమ్మంలోకి వచ్చి, తలుపు పట్టుకుని నిలబడి ఉంది. "బోలూంగీ తో నికాల్ దోగే న, తాతా?" అంది. చెబితే తీసేస్తారు కదా అని.

"తీసెత్తాను," అన్నారు మావయ్య. "నీకాడ అబద్దం ఆడను. ఆదోరం నువ్వెల్లవు. మౌనికా ఎల్లదు. నీ సోటు నా ఇంటికి రాదు, అది నా మాట. ఇప్పుడు సెప్పమ్మా. ఏటవుతంది నీకు?"

ఎప్పుడూ హిందీలోనే జవాబిచ్చే పిల్ల ఆ రోజు తెలుగులో చెప్పింది. "తల లోపల కొడతంది తాతా. లైటు సూడలేకపోతన్నాను. నిన్న బంతి రెండుగా కనబడింది." అని, ఏడవడం మొదలుపెట్టింది. కట్టుకున్న చీరతోనే దాన్ని తీసుకుని ఆసుపత్రికి బయల్దేరాను, మావయ్యా వెంట వచ్చారు.

స్కాన్‌లో ఏమీ లేదన్నారు. అయితే ఏమీ లేనట్టే కదా అన్నాను డాక్టరమ్మతో. కాదందావిడ. మెదడు కుదుపుకి లోనైతే అది స్కాన్‌లో కనబడకపోవచ్చు, పిల్ల తనకేమవుతోందో చెప్పేదే మాకు ముఖ్యం అంది. అది పూర్తిగా తగ్గకముందు ఇంకో దెబ్బ తగిలితే ప్రాణం మీదికి రావచ్చంది. తలకి దెబ్బ తగిలి వాంతి చేసుకున్న పిల్లని తెల్లారగానే ఎందుకు తీసుకురాలేదని గట్టిగానే అడిగింది. ఇప్పుడు విశ్రాంతి, ఆ తర్వాత కొంచెం కొంచెంగా పరుగు, ఆట మాత్రం తాను సరే అన్నాకే అంది. బయటికొచ్చాక మావయ్య మెట్ల మీద కూచుండిపోయారు. "ఎవుడి నోటిమాటా నమ్మకుండా బతికేను. ఆకరికి ఈ దెబ్బకి గుంట నోటిమాటే కావాలంట," అన్నారు.

ఆదివారం ఎంపికలకి దివ్య వెళ్లలేదు. మౌనికా వెళ్లలేదు. ఎలాగైనా పంపుతారని నేను అనుకున్నాను. పొద్దున్నే మా ఆయన్ని వాళ్ల వీధిలోకి పంపి కనుక్కున్నాను కూడా. మౌనిక గుమ్మంలో కూర్చుని ఏడుస్తోందని వచ్చి చెప్పారు. ఆ పిల్ల దసరా నుంచి ఉగాది దాకా తాతతో మాట్లాడలేదు. వాళ్లమ్మ నన్ను చూస్తే ముఖం తిప్పుకునేది. నేనైనా అంతే చేసుందును.

ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను. "మౌనికకి అన్యాయం చేశారు మావయ్యా."

"సేసేను," అన్నారు. "దాని తప్పేటీ నేదు. కానీ సెప్పిన గుంటకి నష్టమూ, సెప్పించినోడింటికి లాభమూ వత్తే, రేపు ఏ గుంట నోరిప్పుద్ది?"

సరైన మాటే. అయినా ఇంకో దారి ఉండేదేమో, ఆయన వెతకలేదేమో అని నాకు ఇప్పటికీ అనుమానమే. నా కూతురు బాగుంది, ఆయన పెట్టిన భిక్ష అది. ఆ రుణం వేరొకరి కూతురి కన్నీళ్లతో ముడిపడి ఉండడమే నాకు మింగుడుపడదు. ఈ మాట ఆయన బతికుండగానే అన్నాను కాబట్టి పోయాక కూడా అంటున్నాను.

ఆ తర్వాత గ్రౌండ్‌లో ఒక మార్పు వచ్చింది. పిల్లలు వాళ్లంతట వాళ్లే వచ్చి చెప్పడం మొదలుపెట్టారు. తల బరువుగా ఉందని ఒకరు, కడుపులో తిప్పుతోందని ఒకరు. చెప్పిన పిల్లని ఆయన ఒక్క మాట అనేవారు కాదు. తనే ఇంటిదాకా నడిపించుకెళ్లి, గుమ్మంలో నిలబడి, "మీ గుంట నిజం సెప్పింది. తిట్టకండి. డాక్టరుకి సూపించండి," అనేవారు. ఆటకి రావాలని లేక తలనొప్పి అన్నవాళ్లు ఉండకపోరు. వాళ్లనీ నడిపించుకెళ్లేవారు. ఆ ఒక్క విషయంలో ఎందుకు అనుమానించరని అడిగితే నవ్వి, ఆ పిల్ల సంచీ తన భుజాన వేసుకుని నడిచేవారు.

డాక్టరమ్మ సరే అన్నాక దివ్య మళ్లీ ఆడుతోంది. మావయ్య పెద్దకర్మ అయిన తర్వాతి ఆదివారం పిల్లలంతా కలిసి ఆట పెట్టుకున్నారు. ఈ ఏడాది ఎంపికలు దగ్గర పడ్డాయి, ఆ ఆట చూడటానికి ఎంపిక చేసేవాళ్లెవరో వస్తారట. గోల్‌లో మౌనిక ఉంది, గ్రౌండ్ గీతకి బయట దివ్య కూర్చుంది. నేనూ మౌనిక తల్లీ గట్టుకి చెరో చివర కూర్చున్నాం.

ఎత్తుగా వచ్చిన బంతిని అందుకోబోయి మౌనిక గోల్ పోస్టుకి గుద్దుకుంది. పెద్ద దెబ్బేం కాదు. వెంటనే లేచింది. బంతి దొరికిన పిల్ల కూడా ఆట ఆపలేదు. నాకూ తేడా ఏమీ కనబడలేదు. మౌనిక మాత్రం కాసేపు అలాగే నిలబడి, గ్లౌజులు తీసేసి, నడుచుకుంటూ గీత దాటి వచ్చింది. "ముఝే ఠీక్ నహీ లగ్ రహా," అంది దివ్యతో. నాకు బాగాలేదు, తల తిరుగుతోంది, నువ్వు వెళ్లు అని గ్లౌజులు చాపింది.

దివ్య ముఖంలోకే చూస్తున్నాను. ఒక్కసారైనా గోల్ వైపు చూస్తుందేమోనని. చూడలేదు. గ్లౌజులు తీసుకుని గడ్డిలో పెట్టి, మౌనికని కూర్చోబెట్టి, తనూ పక్కన కూర్చుని నీళ్ల సీసా మూత తీసింది. మౌనిక తల్లీ నేనూ ఒకేసారి లేచి పరిగెత్తాం. గ్రౌండ్ మధ్యలో బంతి ఒక పిల్ల కాళ్ల దగ్గర ఆగి ఉంది. ఎదురుగా గోల్ ఖాళీగా ఉంది. ఎవరూ కొట్టలేదు.