అతిథుల బెంచీ

ట్రూడీ ఇమ్‌ఫెల్డ్ ముప్పై ఏళ్ళుగా హింటరెగ్ కొండ మీంచి కింద పట్నానికి బస్సు నడుపుతోంది. ఎవరు ఎవరి పక్కన కూర్చోరో, ఎవరి కాపురంలో ఎప్పుడు దుమారం లేచిందో, జున్ను కేంద్రం మూసేస్తారన్న కబురు మొదట ఎవరి నోట బయటికొచ్చిందో, అన్నీ డ్రైవరు తల పైనున్న అద్దంలోంచే ఆమెకి తెలిసేవి. ఎదుటివాళ్ళ సంగతి తెలుసుకోవాలన్న యావ ఆమెకి పుట్టుకతో వచ్చింది. "నీకు పళ్ళ కంటే ముందు ప్రశ్నలు మొలిచుంటాయి" అని భర్త జెప్ ఎగతాళి చేస్తుంటాడు.

అందుకే, పౌరసత్వ సంఘంలో ఒక చోటు ఖాళీ అయిందనీ ఎవరూ ముందుకు రావడం లేదనీ గ్రామాధ్యక్షురాలు రెగూలా ఒకరోజు బస్సెక్కి చెప్పుకోగానే, ట్రూడీ మరో మాట లేకుండా ఒప్పేసుకుంది. ఊళ్ళో ఉంటున్న విదేశీయులెవరైనా స్విస్ పౌరసత్వం కావాలంటే ముందు ఈ సంఘం పిలిచి మాట్లాడుతుంది. సంఘం తన అభిప్రాయం మాత్రమే చెబుతుంది. ఇవ్వాలో వద్దో తేల్చేది గ్రామసభ. అక్కడ ఊరి జనం చేతులెత్తి ఔనంటేనే ఆ మనిషి సంగతి రాష్ట్రానికీ, అక్కణ్ణుంచి రాజధాని బెర్న్‌కీ పోతుంది.

ట్రూడీ కూర్చున్న మొదటి సమావేశానికి వచ్చిన మనిషి వల్బోనా గాషి. ఆమెని చూడగానే ట్రూడీ గుర్తుపట్టింది. వల్బోనా పదేళ్ళ పైనుంచీ రోజూ పొద్దున్నే మొదటి బస్సెక్కుతోంది. డ్రైవరు వెనక రెండో సీటు. మూడు స్టాపులవతల వృద్ధాశ్రమం దగ్గర దిగిపోతుంది. ఎక్కేటప్పుడు ఒక నమస్కారం, దిగేటప్పుడు ఒకటి. కొండ మీద కుక్కల సంగతులు కూడా తెలిసిన ట్రూడీకి ఈ అమ్మాయి గురించి తెలిసింది ఆ రెండు నమస్కారాలే. ఇన్నాళ్ళూ ఒక్క ప్రశ్నైనా ఎందుకు అడగలేదబ్బా అని తన మీద తనకే విచిత్రంగా అనిపించింది.

సంఘంలోని మిగతావాళ్ళు మామూలుగా అడిగేవే అడిగారు. దేశాన్ని నడిపే మంత్రులు ఎంతమంది, చెత్త ఏ రోజు తీసుకెళ్తారు, కొండ వెనక చెరువు పేరేమిటి. వల్బోనా కొండ యాసలోనే జవాబులు చెప్పింది. తెలియనిది తెలియదంది. తొమ్మిదేళ్ళప్పుడు కొసావో యుద్ధంలోంచి అమ్మానాన్నలతో వచ్చిందట. బడి ఇక్కడే, ఉద్యోగం ఇక్కడే.

ట్రూడీ వంతు వచ్చింది. ఆమె సిద్ధం చేసుకొచ్చిన ప్రశ్న పక్కకి పోయి, మనసులో ఉన్నదే బయటికి వచ్చేసింది.

"మీకు ఇక్కడ ఉండటానికి అనుమతి ఉంది. పని ఉంది. మిమ్మల్ని పొమ్మనేవాళ్ళు లేరు. మరి ఇప్పుడు ఈ తంటా అంతా ఎందుకు?"

వల్బోనా తడుముకోలేదు. "గ్రామసభలో ఈ పక్కకొచ్చి కూర్చుందామని" అంది.

ఎవరికీ అర్థం కాలేదు. రెగూలాకి మాత్రం తెలుసు. గ్రామసభ బడి వ్యాయామశాలలో జరుగుతుంది. ఓటున్నవాళ్ళకి మధ్యలో కుర్చీలు వేస్తారు. ఓటు లేనివాళ్ళు వినాలనుకుంటే గోడవారన ఒక బెంచీ ఉంటుంది, అతిథుల బెంచీ. అక్కడ మామూలుగా పత్రిక విలేఖరి ఒక్కడే కునికిపాట్లు పడుతుంటాడు. వల్బోనా ఎనిమిదేళ్ళుగా ప్రతి సభకీ వచ్చి ఆ బెంచీ మీద కూర్చుంటోంది.

"మా నాన్న ఒకసారి అడిగాడు" అని చెప్పింది వల్బోనా. "ఏదో ఒక కారణం చూపించి చేతులెత్తి వద్దన్నారు. ఆయన మళ్ళీ అడగలేదు, కొసావోకి తిరిగి వెళ్ళిపోయాడు. ఆ చేతులు ఎవరివో చూద్దామని మొదటిసారి వచ్చాను. అందరూ మురుగు కాలవ గురించి రెండు గంటలు పోట్లాడుకున్నారు. ఇంత పెద్దవాళ్ళు ఒక కాలవ కోసం ఇలా కొట్టుకుంటారా అని నాకు భలే అనిపించింది. తర్వాత మానలేకపోయాను."

సంఘం ఒక్కమాటగా సరేనంది. ఆ రాత్రి ట్రూడీకి నిద్ర రాలేదు. తనకు పుట్టుకతోనే ఓటుంది. అయినా ఈ ఎనిమిదేళ్ళలో తను సభకి వెళ్ళింది బస్సు వేళలు మార్చేటప్పుడు ఒక్కసారే.

మర్నాడు పొద్దున వల్బోనా బస్సెక్కగానే ట్రూడీ ఇంజను ఆపి, వెనక్కి తిరిగి చెయ్యి చాచింది. "నేను ట్రూడీని. ఇకమీదట మనిద్దరం 'నువ్వు' అనుకుందాం" అంది. వల్బోనా ఆ చెయ్యి పట్టుకుని తన పేరు చెప్పింది. మూడు స్టాపుల దూరంలో ట్రూడీ ఆమెను అడిగిన ప్రశ్నలన్నీ వెనక సీట్లోని బడిపిల్లలు చెవులు రిక్కించి విన్నారు.

గ్రామసభ శరదృతువులో వచ్చింది. వల్బోనా పేరు రాగానే పశువుల పెంపకందారు వాల్టీ ఓడర్‌మాట్ లేచాడు. కొండ మీద సగం మందికి అతను దూరపు బంధువు, మిగతా సగానికి అతని ట్రాక్టరు కావాలి.

"ఈ అమ్మాయి మీద నాకేం కోపం లేదు. ఆఖరి రోజుల్లో మా అమ్మని కూడా చూసుకుంది, బాగానే చూసుకుంది" అన్నాడు. "కానీ పౌరసత్వం బస్సు టికెట్టు కాదు, అడిగినవాళ్ళందరికీ చింపి ఇవ్వడానికి. ఈమె పాటల బృందంలో లేదు. పండగ రోజు గుడారంలో ఎప్పుడైనా కనిపించిందా? మనతో కూర్చోని మనిషి మన మనిషి ఎలా అవుతుంది?"

ఎవరో వెనకనుంచి, "గుడారంలో నువ్వు కూర్చునేది మాతోనా, బీరుతోనా వాల్టీ?" అన్నారు. నవ్వులు పుట్టాయి. ట్రూడీ లేచి, సంఘం అన్నీ అడిగిందనీ, తప్పు పట్టాల్సింది ఏదీ కనపడలేదనీ చెప్పి కూర్చుంది. పండగ రోజు ఊరంతా గుడారంలో ఉంటే ఆశ్రమంలో మన అమ్మల దగ్గర ఉండేదెవరని అడగాల్సిందని ఆమెకి తట్టింది మర్నాడు బస్సు మూడో మలుపు తిప్పుతుంటే.

ఓటింగుకి ముందు వల్బోనాని బయటికి వెళ్ళమన్నారు, అది నియమం. ఔననేవాళ్ళు చేతులెత్తారు. మధ్యలో కుర్చీలన్నీ చేతులతో నిండాయి. తర్వాత కాదనేవాళ్ళు. ఆ చేతుల్ని ట్రూడీ ఒక్కొక్కటే చూసుకుంటూ వచ్చింది. చివర్లో తన పక్కనే ఒకటి లేచి ఉంది. జెప్ చెయ్యి.

ఔనన్నవాళ్ళే ఎక్కువమంది. వల్బోనా లోపలికి వచ్చింది, చప్పట్లు కొట్టారు, ఆమె మళ్ళీ గోడవారన తన బెంచీ మీదే కూర్చుంది, ఎందుకంటే రాష్ట్రమూ బెర్న్ ఇంకా ఔననాలి. తర్వాతి అంశం పశువుల బాట మరమ్మతు. దాన్ని ఆమె ఎప్పటిలాగే ముందుకు వంగి వింది.

ఇంటికి నడుస్తూ ట్రూడీ భర్తని అడిగింది. అతను, "ఏమో ట్రూడీ. వాల్టీ ఎత్తాడు, నేనూ ఎత్తాను. వచ్చే వారం గడ్డికోతకి ట్రాక్టరు ఇస్తానన్నాడు" అన్నాడు.

"అందుకనా?"

"అందుకనే అని కాదు. ఎలాగూ గెలుస్తుంది కదా అనుకున్నా."

ట్రూడీ అడుగు వేగం పెంచింది. వల్బోనా వాళ్ళ నాన్నకి వద్దన్న చేతుల్లో ఎన్ని ఇలాంటివో అని మాత్రం ఆమెకి పదేపదే అనిపించింది. నిజంగా వద్దనుకున్నవాళ్ళు ఎందరు, పక్కవాడి చెయ్యి చూసి ఎత్తినవాళ్ళు ఎందరు. దాన్ని తెలుసుకునే దారి లేదు. జెప్ సంగతి వల్బోనాకి ఆమె ఎప్పుడూ చెప్పలేదు.

ఏడాది దాటాక ఎర్ర పాస్‌పోర్టు వచ్చింది. ఆ తర్వాతి సభలో వల్బోనా మధ్య కుర్చీల్లో ట్రూడీ పక్కనే కూర్చుంది. సరిగ్గా అప్పుడే ఊళ్ళోకి పెద్ద వ్యవహారం వచ్చిపడింది. దేశంలోకి శరణార్థులు ఎక్కువయ్యారు, ప్రతి ఊరూ కొందరిని తీసుకోవాలని రాష్ట్ర ప్రభుత్వం అడుగుతోంది. బడి కింద భూగర్భంలో, యుద్ధమొస్తే దాక్కోవడానికి కట్టిన బంకర్ ఉంది కదా, పరుపులు వేసి ఉన్నాయి, నలభై మందిని అందులో ఉంచుదామని రెగూలా ప్రతిపాదించింది.

వాల్టీ లేచి, బంకర్ ఊరి జనం కోసం కట్టుకున్నది, పరాయివాళ్ళ కోసం కాదన్నాడు. ట్రూడీకి మండిపోయింది. ఆమె లేచి, కష్టంలో ఉన్నవాళ్ళకి తల దాచుకునే చోటు ఇవ్వలేకపోతే మనం ఏం మనుషులమని గట్టిగా మాట్లాడింది. ఆ మాటలు అనేటప్పుడు పక్క కుర్చీ తనకి తోడున్నట్టే అనిపించింది.

ఓటింగు మొదలైంది. ట్రూడీ ఔనని ఎత్తింది. వల్బోనా ఎత్తలేదు. కాదనేవాళ్ళు అనగానే వల్బోనా చెయ్యి లేచింది, నిటారుగా. నాలుగు వరసల ముందు వాల్టీ చెయ్యి కూడా లేచే ఉంది.

ప్రతిపాదన కొద్దిలో వీగిపోయింది. సభ ముగియగానే ట్రూడీ నేరుగా ఇంటికి వెళ్ళిపోయింది. ఆ వారమంతా వల్బోనా నమస్కారం పెడితే తనూ పెట్టిందే గానీ ఒక్క ప్రశ్న అడగలేదు. లోపలికి వచ్చాక తలుపు వేసుకునే రకమేమో, అని ఆమెకి అనిపించింది. అలాంటివాళ్ళ గురించి ఊళ్ళో చాలామంది అనేవాళ్ళు. అలా అనుకున్నందుకు సిగ్గూ వేసింది. అయినా ఆ అనుమానం పోలేదు.

చివరికి యావే గెలిచింది. ఒక ఆదివారం బస్సులో ఎవరూ లేరు. ఆశ్రమం స్టాపు దగ్గర ట్రూడీ తలుపు తెరవలేదు.

"ఎందుకు వద్దన్నావు?"

వల్బోనా ఈ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నట్టుంది. "వచ్చిన కొత్తలో మమ్మల్ని అలాంటి బంకర్‌లోనే పెట్టారు, వేరే ఊళ్ళో. ఏడు నెలలు. గోడలు ఇంత మందం, కిటికీలు లేవు. పగలో రాత్రో ట్యూబులైటు వేస్తే తెలిసేది. మా అమ్మకి అక్కణ్ణుంచి బయటికొచ్చాక కూడా దీపం ఆర్పితే ఊపిరాడేది కాదు. వాళ్ళు రావాలి, ట్రూడీ. నేల కింద కాదు, నేల మీద ఉండాలి."

"మరి సభలో చెప్పలేదేం?"

"చెప్తే ఏమంటారు? నిన్ననే వచ్చింది, అప్పుడే మన బంకర్ పనికి రాదంటోంది అంటారు."

ట్రూడీ కాదనబోయింది, కానీ అలా అనేవాళ్ళ పేర్లు వరసగా కళ్ళ ముందుకొచ్చాయి. తలుపు తెరిచింది. దిగుతున్న వల్బోనాతో, "అయితే చెప్పు. ఈసారి ఏమంటారో చూద్దాం. అననీ" అంది.

ఆ శీతాకాలమంతా ఇద్దరూ నేల మీద చోటు కోసం తిరిగారు. మూసేసిన పాత సత్రం పై అంతస్తు ఖాళీగా ఉంది. దాని యజమాని ముసలామె ఆశ్రమంలోనే ఉంటోంది. నీళ్ళ గొట్టాలు గడ్డకట్టకుండా ఎవరైనా అక్కడ కాపురముంటే మంచిదేనని ఆవిడ అంది. కొన్ని కుటుంబాలే పడతాయి, నలభై మంది పట్టరు. ఆ మాటే రాష్ట్రానికి చెబుతానని రెగూలా ఒప్పుకుంది.

వసంత సభలో వల్బోనా మొదటిసారి లేచి మాట్లాడింది. బంకర్‌లో ఏడు నెలలు ఎలా ఉండేదో చెప్పింది. జాలి పడమని అడగలేదు. సత్రానికి చేయాల్సిన మరమ్మతులు చెప్పింది, బడిలో ఏ తరగతుల్లో పిల్లలు తక్కువగా ఉన్నారో చెప్పింది. ఎవరో, "అప్పుడు వద్దని ఇప్పుడు కావాలంటావా?" అని దెప్పారు. "అప్పుడు నేల కింద అన్నారు, ఇప్పుడు నేల మీద అంటున్నారు. నాకు ఆ తేడా తెలుసు" అంది ఆమె.

ప్రతిపాదన నెగ్గింది. వాల్టీ కాదనే ఎత్తాడు. జెప్ ఈసారి ఏ చెయ్యీ ఎత్తలేదు, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు.

సభ అయ్యాక ఎప్పటిలాగే వైన్, జున్ను ముక్కలు పెట్టారు. ట్రూడీ గ్లాసు పట్టుకుని చూస్తుండగా, వాల్టీ జనాన్ని తోసుకుంటూ నేరుగా వల్బోనా దగ్గరికి వెళ్ళాడు. గొడవ పెట్టుకుంటాడేమోనని ట్రూడీ కూడా అటు జరిగింది.

"అమ్మాయ్, ఆ బంకర్‌లో అసలు గాలి ఎలా వచ్చేది?" అని అడిగాడు వాల్టీ.

వల్బోనా అతన్ని అనుమానంగా చూసింది. "పెద్ద పంకా ఒకటి ఉండేది. రోజంతా మోగేది. అది ఆగితే అందరం లేచి కూర్చునేవాళ్ళం."

"ఆగేదా?"

"ఆగేది."

"మరి పిల్లలు?"

వల్బోనా జున్ను ముక్కల పళ్ళెం బల్ల మీద పెట్టి చెప్పడం మొదలుపెట్టింది. వాల్టీ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, కాస్త వంగి వింటున్నాడు. ఊళ్ళో అందరికంటే ఎక్కువ ప్రశ్నలు తనవేననుకునే ట్రూడీకి ఆ క్షణంలో అడగడానికి ఒక్కటీ దొరకలేదు. ఆమె కూడా పక్కన నిలబడి వింది.