జకరయ్య చెవి

ఆళ్లగడ్డ బస్టాండు వెనక జకరయ్య మైకుసెట్ల అంగడికి ఎద్దుల బేరగాళ్లు పనిగట్టుకుని వచ్చి కూర్చునేవాళ్లు. అతను వాల్వులకు జత కుదిర్చే పద్ధతి చూస్తుంటే వాళ్లకు సంతలో ఉన్నట్టే ఉండేది.

పాతకాలపు ఆంప్లిఫయర్‌లో గాజు వాల్వులు రెండు పక్కపక్కన నిలబడి బరువు లాగుతాయి. ఒకటి లాగి ఇంకొకటి బద్ధకించిందా, హారన్‌లో గుయ్‌మని మోత మొదలవుతుంది. అందుకని జకరయ్య నంద్యాల నుంచి నలభై వాల్వులు అట్టపెట్టెలో గడ్డిలో పడుకోబెట్టుకుని తెచ్చేవాడు. ఒక్కొక్కదాన్నే సెట్టులో గుచ్చి, అరగంట కాగనిచ్చి, మీటరు ముల్లు ఎక్కడ నిలిచిందో ఆ అంకె రాసిన కాగితప్పట్టీని దానికి అతికించేవాడు. ఒకే అంకె వచ్చిన రెంటినీ జత చేసి, గాజు లోపలి రేకు ఎర్రబడకుండా చిన్న స్క్రూ అటూ ఇటూ తిప్పి సవరించేవాడు. ఆళ్లగడ్డ కరెంటు పొద్దునొక మాదిరి, సాయంత్రమొక మాదిరి ఉంటుంది గనక ఈ తతంగమంతా రెండుసార్లు.

తర్వాత అసలు ఘట్టం. స్క్రూడ్రైవర్ కొయ్యపిడిని పళ్ల మధ్య కరిచిపట్టి, మొనను ఒక చిన్న స్పీకరు వెనకనున్న ఇనుముకు ఆనించి, కళ్లు మూసుకుని, పెన్సిలుతో వాల్వును టక్‌మని తట్టేవాడు.

"ఇది వద్దు. గాజు మోగుతాంది" అని పక్కన పెట్టేవాడు.

"చెవంటే జకరయ్యదేనప్పా!" అనేవాళ్లు బేరగాళ్లు. ఆ పేరు నంద్యాల దాకా పాకింది. అక్కడ ఇద్దరు మెకానిక్కులు తామూ పిడి కొరకడం మొదలుపెట్టారు. వాళ్లకు పళ్లు నొప్పి పుట్టాయి తప్ప ఇంకేమీ పట్టుబడలేదు.

నిజానికి జకరయ్య చెవులు ఎప్పుడో సెలవు పుచ్చుకున్నాయి. ఇరవై ఏళ్లు హారన్ల కిందే కూర్చున్న మనిషి! పిడిగుండా పళ్లలోకి, పళ్లలోంచి తల ఎముకల్లోకి వచ్చే అదురు ఒక్కటే అతనికి మిగిలింది. ఎదురుగా నిలబడి మాట్లాడితే పెదవులు చూసి జవాబు చెప్పేవాడు. ఈ సంగతి భార్య లూదియాకు తప్ప ఇంకెవరికీ తెలియదు. తెలిస్తే అంగడి మూసుకోవలసిందే. చెవిటివాడి చేతికి మైకు ఎవడిస్తాడు?

అందుకే ఏ శెట్టిగారింట్లో పెళ్లయినా, ఏ హరికథయినా లూదియా వచ్చి ఆడవాళ్ల వరసలో అతనికి కనబడేచోట కూర్చునేది. సౌండు చాలకపోతే కొంగుతో మొహం తుడుచుకుంటుంది. ఎక్కువై సెట్టు కూత పెడితే కొంగు తలమీదికి లాక్కుంటుంది. ఆమె కొంగును బట్టి జకరయ్య వేళ్లు కదిలేవి. చూసేవాళ్లు మాత్రం, "పెండ్లాం మొగం జూడకుండా సెట్టు ముట్టడు. ఏం పేమో!" అని మురిసిపోయేవాళ్లు.

డెబ్బై తొమ్మిదిలో ఆళ్లగడ్డ సంఘం పెద్దలకు చర్చికి సొంత మైకుసెట్టు ఉండాలన్న కోరిక పుట్టింది. అప్పటిదాకా ఆ చర్చిలో మైకన్నదే లేదు. ఇది విని నంద్యాల రేడియో వ్యాపారి రామనాథం కొత్త ట్రాన్సిస్టర్ సెట్టు చంకన పెట్టుకుని దిగాడు.

"ఇంకా వాల్వులేందప్పా? అవి కాగేలోపల పెండ్లి అయిపోయి పిల్లోళ్లు గూడా పుడ్తారు" అన్నాడు.

సంఘం కార్యదర్శి మత్తయి పంతులు. ఏ విషయమైనా పరీక్ష పెట్టకుండా వదలడు. కోతపండుగనాడు పొద్దున రామనాథం సెట్టు, సాయంత్రం జకరయ్య సెట్టు పెట్టాలనీ, బాగా పలికినదాన్ని కొనాలనీ తీర్మానం రాయించాడు. చర్చి సెట్టు చేజారితే మిగతా ఊరు కూడా ట్రాన్సిస్టర్ల వెనకే పోతుందని జకరయ్యకు తెలుసు. వారం రోజులు తిండి మీద ధ్యాస లేకుండా నలభై వాల్వుల్లోంచి ఒక్క జత ఏరాడు.

"బంగారట్లా జతమ్మే" అన్నాడు లూదియాతో.

"జత సరే. నువ్వు నా పక్కనించి చూపు తిప్పొద్దు" అంది లూదియా.

పండుగ పొద్దున రామనాథం ఉన్న సౌండంతా పెట్టేశాడు. మొదటి కీర్తనకే చర్చి ముందు వేసిన పందిట్లో పసిపిల్లలు ఏడుపు లంకించుకున్నారు, పందిరి మీది కాకులు మళ్లీ రాలేదు. సౌండెక్కువై సెట్టు రెండుసార్లు కూత కూడా పెట్టింది. అయినా పెద్దల్లో సగంమంది, "శబ్దమంటే ఇట్లుండాల!" అని తలలూపారు.

సాయంత్రం జకరయ్య వంతు. సిరివెళ్ల నుంచి ట్రాక్టర్లలో వచ్చిన జనంతో పందిరి నిండింది. ప్రసంగం చల్లగా సాగింది. తర్వాత పాస్టరు కరుణాకర్ అయ్యగారు, "ప్రార్థన చేసుకుందాం" అన్నాడు.

ఆడవాళ్లంతా తలమీద కొంగు వేసుకున్నారు. పుట్టినప్పటినుంచీ అలవాటైన చెయ్యి కదా, లూదియా కొంగూ తలమీదికి ఎక్కింది. ఆమె కళ్లు మూసుకుంది.

ప్రతి ఆదివారం ప్రార్థనలో కళ్లు మూసుకునే జకరయ్య, ఆడవాళ్ల వరస అప్పుడెలా ఉంటుందో ఏనాడు చూశాడు గనక! ఇవాళ లూదియా మీదే చూపు పెట్టి అయ్యగారి పెదవులు చూడలేదు, ప్రార్థన మొదలైందని తెలియలేదు. లూదియా ఒక్కతే కాదు, వరస వరసంతా కొంగు లాక్కుంది. ఎంత ఘోరంగా కూత పెడుతోందో! సౌండు తగ్గించాడు. కొంగు దిగలేదు. ఇంకా తగ్గించాడు. దిగలేదు. చివరికి సున్నా దాకా తిప్పేసి చెమట తుడుచుకున్నాడు.

అయ్యగారు కళ్లు మూసుకుని పది నిమిషాలు ప్రార్థించాడు. ముందు నాలుగు వరసలకు వినిపించింది. వెనకవాళ్లు ముందువాళ్లను చూసి ఆమేన్ అన్నారు.

ఆమేన్ అయ్యాక ముందు వరసలోంచి మత్తయి పంతులు ఊగిపోతూ లేచాడు. "చూస్తిరా? ఒక్క మోత లేదు, ఒక్క కూత లేదు! ఉత్త గొంతే! అదప్పా వాల్వంటే!"

వెనక వరసలను అడిగాడు. వినపడలేదంటే ప్రార్థనలో మనసు లేదని ఒప్పుకున్నట్టవుతుంది.

"చెవులో చెప్పినట్ల వినపడె సార్!" అన్నారు సిరివెళ్లవాళ్లు. రామనాథం కూడా మెచ్చుకోక తప్పలేదు.

పంతులు జకరయ్య వీపు వెనక నిలబడి పొగడ్త మొదలుపెట్టాడు. జకరయ్య తిరగలేదు. "ఇంత పొగిడినా తిరిగి చూడ్డు. అదీ వినయం!" అన్నాడు పంతులు.

లూదియా వచ్చి అతని ఎదుట నిలబడింది. "గెలిచినావు" అంది పెదవులతో.

"ఎట్లా పలికెమ్మే నా జత?"

లూదియా తలమీది కొంగు దించింది. "పలకనే లేదు. నేను తలమింద కొంగేసుకుంది ప్రార్థనకు."

జకరయ్య సున్నా మీదున్న సౌండు మీట వైపు చూశాడు. వారం రోజులు ఏరి, సవరించి, పళ్లు అదిరేలా పరీక్షించిన జత, నోరు మెదపకుండా గెలిచింది. సిగ్గేసింది. ఇన్నేళ్ల దాపరికం ఇక చాలనిపించింది. నేరుగా పెద్దల మధ్యకు పోయి నిలబడ్డాడు.

"పంతులూ, సౌండు సున్నాకు తిప్పింది నేనే. నాకు వినపడదు. చెవుడొచ్చి ఏండ్లయితాండాది."

పంతులు పొట్ట పట్టుకుని నవ్వాడు. "సున్నాలో ఉంటే సిరివెళ్లోళ్లకు యెట్లా వినపడెరా? జకరయ్యకు చెవుడంట!"

"నిజమప్పా! దేవునితోడు, నాకు వినపడదు!" అని అరిచాడు జకరయ్య.

పందిరంతా పగలబడి నవ్వింది. అయ్యగారు నవ్వాడు, రామనాథం నవ్వాడు, సిరివెళ్లవాళ్లు ట్రాక్టర్ల మీద ఎక్కుతూ నవ్వారు. ఆ నవ్వేదీ జకరయ్యకు వినపడలేదు. అందరి పళ్లూ మాత్రం కనిపించాయి.