తాత పేరు పెట్టుకున్న పిల్లవాడు

అచ్చంపేట నుంచి మహబూబ్‌నగర్ పోయే బస్సులో ఆ మధ్యాహ్నం సన్నని వాన. కిటికీ అద్దం మీద పత్తిచేలు కరిగి జారుతున్నట్టున్నాయి. పక్కసీట్లో ఒక యువతి, ఆమె ఒళ్లో నెలల పిల్లవాడు. వాడు ఏడ్చినప్పుడల్లా "ఊకో బాపు" అనేది. తన తండ్రి పేరే వాడికి పెట్టారట. తండ్రి పేరుతో వాణ్ణి పిలవలేక బాపు అంటోంది.

"మా బాపుకు కోపమెక్కువ అక్కా. వీడు ఏడిస్తె చాలు, గాయన గుణమే వచ్చిందంటరు ఇంటోళ్లు," అంది.

మా నాయన కోపం నాకొచ్చిందని మా ఇంట్లోనూ అనేవారు. నేనప్పుడు ఫోనులో చదువుతున్నదీ ఆ సంగతే. కోపానికి ఫలానా జన్యువు కారణమని ఒకప్పుడు శాస్త్రవేత్తలు గట్టిగా చెప్పారు. తర్వాత వేరేవాళ్లు ఇంకా ఎక్కువమందిని పరీక్షిస్తే ఆ మాట నిలబడలేదు. పెద్దల నుంచి మనకేమీ రాదని కాదు, కోపం ఆ ఒక్క జన్యువు వల్లే వస్తుందన్నది మాత్రం తేలలేదు. ఆమెకు అదే చెప్పాను.

"మల్ల చూస్తె గా జన్యువులో కోపం దొరకలేదా?"

"దొరకలేదు."

"జర ఇంకోపారి చెప్పక్కా," అని పిల్లవాడి ముఖం నా వైపు తిప్పింది. వాన చప్పుడులో, వాడికే చెబుతున్నట్టు, మొత్తం మళ్లీ చెప్పాను. వాడు రెప్పవేయకుండా విన్నాడు.

బస్సు గుంతలో పడి ఎగిరింది. వాడు ఏడుపు అందుకున్నాడు. ఆమె ఈసారి ఊకోమనలేదు. వాడి చెవి దగ్గరికి వంగి, మెల్లగా అంది:

"ఏడ్వు బిడ్డా. గిది నీ ఏడుపే."