జనగామ నుంచి భూపాలపల్లికి: నల్లద్దాల అవ్వతో ఒక సమ్మె రోజు

మా ముత్తాత శ్రీకాకుళం దగ్గరి పల్లె నుంచి కొబ్బరి తోటల్లో కూలికి మలేషియా వెళ్ళాడు. నేను పుట్టిందీ పెరిగిందీ అక్కడే. మాట్లాడే తెలుగు నానమ్మ దగ్గర, రాసే తెలుగు మా చర్చి ఆదివారం తరగతుల్లో నేర్చుకున్నాను. జనగామలో కంటి శిబిరాలు నడిపే ఒక చిన్న చర్చి సాయానికి మనుషులు కావాలని అడిగితే, తెలుగు వచ్చు కదా అని నేను చేయెత్తాను. అలా తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న రోజుల్లో, నాకు పరాయి దేశమే అయిన ఈ నేల మీద దిగాను.

సేవ అంటే నేను ఊహించుకున్నది వేరు. పొద్దున్నే బోరు దగ్గర నీళ్ళు పట్టడం, ఆపరేషన్ అయినవాళ్ళ దుప్పట్లు వేడినీళ్ళలో ఉడికించి ఉతకడం, కరెంటు పోయిన వంటగదిలో పెద్ద గంజు నిండా అన్నం వండటం. మర్నాడు మళ్ళీ అదే. ప్రార్థనలో కూర్చుంటే కళ్ళు వాటంతటవే మూతలు పడేవి. చూసినవాళ్ళు భక్తి అనుకునేవారు.

ఆ రోజు తేలికైన పని ఉందన్నారు. శుక్లం ఆపరేషన్ అయిన సీత్లీ అవ్వను మహబూబాబాద్ దగ్గరి లంబాడీ తండాలో దింపి రావాలి. మేము సంచీ సర్దుకుని వచ్చేసరికి, నల్లద్దాలు పెట్టుకున్న అవ్వ మంచం మీదే గట్టిగా కూర్చుని ఉంది.

"మానుకోటకు రాను బిడ్డా. నన్ను భూపాలపల్లి తీస్కపో," అంది. మహబూబాబాద్‌ను ఇక్కడివాళ్ళు మానుకోట అంటారు.

"ఆడ ఎవరున్నరవ్వా?" అని పాస్టర్ గారి భార్య సునందక్క అడిగింది.

"నా బిడ్డ బుజ్జి ఉన్నది. మాకు మాట లేదు," అంది.

కూతురు వేరే కులం వాడిని, బొగ్గుబావిలో పనిచేసే అతన్ని, ఇష్టపడి చేసుకుందట. నా గడప తొక్కొద్దని అవ్వే అందట. అది జరిగి ఏళ్ళయింది. ఇప్పుడు కొడుకులిద్దరూ కోడళ్ళతో సహా పట్నంలో తాపీ పనికి పోయారు.

"బిడ్డ రానియ్యకపోతే ఏం జేస్తవ్?" అంది సునందక్క.

"తండాల ఒక్కదాన్ని ఉంటే నా కంట్ల మందెవలు పోస్తరు?"

సునందక్క కంటి మందు సీసా అవ్వ సంచీలో పెట్టింది. నేనే బయల్దేరాను.

ఉద్యమం పిలుపుతో జరుగుతున్న సమ్మె వల్ల ఆర్టీసీ బస్సులు లేవు. జనగామ నుంచి కాజీపేటకు మామూలుగా గంట లోపు ప్రయాణమే. మా ప్యాసింజరు రైలు మాత్రం ఎండెక్కాక గానీ చేరలేదు. అక్కడి నుంచి ఆటోలో హన్మకొండ, హన్మకొండ నుంచి పరకాల మీదుగా భూపాలపల్లికి షేర్ జీపు. బస్సుల్లేని రోజు కాబట్టి ఛార్జీ రెట్టింపు. వెనక కూర్చుంటే దుమ్మంతా కంట్లో పడుతుందని, ముందు సీటు రెండు టికెట్లకు మాట్లాడుకున్నాను. అవ్వ తల నా భుజం మీద వాల్చింది. నాకూ ఎవరి భుజం మీదైనా వాలాలని ఉంది.

పరకాల ఇంకా రాకముందే జీపు ఆగిపోయింది. నిరసనగా రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి ఊరంతా వంటావార్పు చేస్తోంది. అన్నం, పప్పు, వంకాయ కూర ఉడుకుతున్నాయి. ఎర్రటి ఎండ, పైగా పొగ. నేను దిగి, "కొంచెం దారి ఇప్పించండి, అవ్వకు కంటి ఆపరేషన్ అయిందండీ," అని బతిమాలాను.

ఒక యువకుడు నన్ను ఎగాదిగా చూశాడు. "ఏ ఊరక్కా నీది? ఆంధ్రానా?"

"కాదండీ, మలేషియా."

"మలేషియాల గూడ అండీ అంటరా?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. తమ తెలంగాణ మాటను సినిమాల్లో ఎన్నేళ్ళుగానో వెక్కిరించారని సునందక్క చెబుతుండేది. ఆ నవ్వులో కోపం ఎంతో, ఆట ఎంతో నాకు తెలియలేదు. నేను మాట్లాడింది నానమ్మ నేర్పిన తెలుగే. ఏడుపొచ్చింది.

గరిటె పట్టుకున్న ఒకామె గదమాయించింది. "ఎవలైతేంది? ముసలామె కండ్లల్ల పొగ పోతాంది, కనబడ్తలేదా? జర గా చెట్టు కిందికి తీస్కపోరి. తిన్నంక జీపు ఇడుస్తం."

ఆ యువకుడే అవ్వను చేయి పట్టుకుని నడిపించాడు. విస్తరి కూడా అతనే తెచ్చి ఇచ్చాడు. అవ్వ తినలేదు. "బిడ్డ ఏమంటదో," అని రెండుసార్లు అంది. నేను మాత్రం మారు వడ్డించుకుని తిన్నాను.

భూపాలపల్లి చేరేసరికి పొద్దు వాలింది. బొగ్గుబావి క్వార్టర్ల వెనక రేకుల ఇళ్ళ వరుసలో అడుగుతూ వెళ్తే, బట్టలు తీస్తున్న బుజ్జి కనిపించింది. తల్లిని చూడగానే లంబాడీలో తిట్టడం మొదలుపెట్టింది. గొంతు పెరుగుతూ పోయింది. అమ్మ అనే అర్థం వచ్చే 'యాడీ' ఒక్కటే నాకు తెలిసింది. అవ్వ తల దించుకుని నిలబడింది. రాత్రికి ఈమెను ఎక్కడ పడుకోబెట్టాలా అని నేను ఆలోచిస్తున్నాను.

అవ్వ చిన్నగా ఏదో అంది. బుజ్జి బట్టలు దండెం మీదే వదిలేసి వచ్చి తల్లి చేతిలోని సంచీ తీసుకుంది.

"ఏమన్నావమ్మా?" అని బుజ్జిని అడిగాను, ఉండబట్టలేక.

"గిన్నేండ్లు నీకు కండ్లు కనబడలేదా అన్న."

"అవ్వేమంది?"

"కనబడలేదన్నది." కొంగుతో మొహం తుడుచుకుంది. "రా అక్కా, లోపలికి రా. చాయ్ పెడ్త."

ఆ రాత్రి వాళ్ళ ఇంట్లో చాప మీద పడుకున్నాను. అలసట తీరిందని చెప్పను. తిరిగి వెళ్తే దుప్పట్లు కుప్పగా ఉంటాయని తెలుసు, ఉన్నాయి కూడా. ఆ తల్లీకూతుళ్ళను కలిపింది నేనని కూడా చెప్పను. అవ్వ తనే నిర్ణయించుకుంది, నేను పక్కన కూర్చుని వెళ్ళానంతే. మా పనిలో చాలా భాగం పక్కన కూర్చోవడమేనని ఆ రోజు అర్థమైంది. అది కూడా ఒళ్ళు పులిసే పనే.

ఇలా సేవకు వచ్చేవారికి ఒక్క సలహా: తెలుగు వస్తే చాలనుకోకండి. తండాలకు వెళ్ళే ముందు నీళ్ళు, నొప్పి, ఆకలి, భయం అనే మాటలు లంబాడీలో ఎవరినైనా అడిగి నేర్చుకోండి. ఒక పూట చాలు.