నాన్న వేలు చూపించిన చోట

విమానం మన కంటికి ఎంత దూరం దాకా కనిపిస్తుంది? ఇవాళ బట్టలు ఆరేస్తుంటే పైన విమానం చప్పుడైంది. చప్పుడు వచ్చిన వైపే తలెత్తాను. అక్కడ ఏమీ లేదు.

తొంభైల్లో సూరత్‌లో పెరిగిన వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఖటోదరాలో బట్ట నేసే సాంచెల మోత. సాంచెల మీద పనిచేసే మా నాన్నకు ఆ మోతకే చెవులు పోయాయి. ఆదివారం సాయంత్రం డాబా మీద నేను చప్పుడు వచ్చిన వైపే విమానాన్ని వెతికేదాన్ని. అది వినబడని నాన్న, దానికంటే ఎంతో ముందుకు వెళ్ళిపోయిన విమానాన్ని చూపించేవాడు.

"చెవులతోని చూస్తవేందే, కండ్లతోని చూడు."

నాకు పదేళ్ళప్పుడు ఒక ఆదివారం విమానం నాకే ముందు కనిపించింది. నాన్న మాత్రం ఖాళీ ఆకాశం వైపు వేలు చూపించి "గదిగో" అన్నాడు. తెగిన పోగు కనిపించని మనిషిని సాంచెల మీద ఉంచరని నాకు తెలుసు.

"అవ్ నాయినా, గక్కడనే ఉంది," అన్నాను గట్టిగా.

ఆయన వేలు దించి నా వైపు తిరిగాడు. "అమ్మ అడిగినా గిట్లనే చెప్పు బిడ్డా."

ఆయన చూపు పూర్తిగా పోయేదాకా అలాగే చెప్పాను. ఆ రోజే నిజం చెప్పి ఉంటే కళ్ళు దక్కేవా, లేక పని ఇంకా ముందే పోయేదా? ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.